సింగపూర్‌లో ఒక దినం

తెలుగువారికి యాత్ర చేయడం కొత్త కాదు. చూసినదానిని గ్రంథస్థం చేయడమూ కొత్త కాదు. 1830 మే నెలలో మద్రాసు నుండి పరివార సమేతంగా కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. ఆ పదిహేను నెలలలో ఆయన దేవాలయాలను మాత్రమే చూడలేదు. ఏ మజిలీలో మంచినీరు దొరుకుతుంది, ఏ ఊరిలో అంగళ్లు ఉన్నాయి, ఏ బాట ప్రయాణానికి అనువైనది అన్న విషయాలను కూడా శ్రద్ధగా రాసుకున్నాడు. అందుచేతనే 'కాశీయాత్ర చరిత్ర' నేటికీ చదవదగిన గ్రంథంగా నిలిచింది.

నేటి కుటుంబాలకు పదిహేను నెలల తీరిక లేదు. హైదరాబాదు నుండి విమానంలో నాలుగున్నర గంటలలో సింగపూర్ చేరుకొని, ఒకటి రెండు దినాలలో నగరమంతా చూసి రావాలనుకునేవారే ఎక్కువ. అంత స్వల్పకాలంలో ఒక మహానగరాన్ని తెలుసుకోవడం సాధ్యమేనా? నాయనమ్మ, తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు గల ఒక కుటుంబాన్ని ఊహించుకొని, వారి ఒక దినాన్ని పరిశీలిద్దాం.

సింగపూర్ భూమధ్యరేఖకు కొంచెం ఉత్తరంగా ఉన్న ద్వీపదేశం. సంస్కృతంలోని 'సింహపురం' అనే మాట నుండి ఆ పేరు వచ్చింది. మన నెల్లూరుకు సింహపురి అనే పేరున్న సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. 1819లో స్టాంఫర్డ్ రాఫెల్స్ ఇక్కడ ఆంగ్లేయుల వర్తక స్థావరాన్ని నెలకొల్పాడు. 1965 ఆగస్టు 9న ఇది స్వతంత్రదేశం అయింది. దాదాపు 735 చదరపు కిలోమీటర్ల ఈ చిన్న నేలమీద సుమారు 60 లక్షల మంది నివసిస్తున్నారు. మలయ్, చైనీస్, తమిళం, ఇంగ్లీషు ఇక్కడి అధికార భాషలు. భూమి తక్కువ, జనం ఎక్కువ, సహజమైన మంచినీటి వనరులు స్వల్పం. ఈ మూడు విషయాలను మనసులో ఉంచుకొంటే నగరంలో కనిపించే ప్రతి ఏర్పాటుకూ కారణం బోధపడుతుంది.

ఇక్కడ ఏడాది పొడవునా ఉక్కపోత ఉంటుంది. మధ్యాహ్నవేళ ఉరుములతో వాన కురవడం సాధారణం. కనుక ఆరుబయట చూడవలసినవాటిని ఉదయమే చూడాలి. 1859లో ప్రారంభమైన వృక్షోద్యానం అందుకు తగిన స్థలం. ఆర్కిడ్ పూల విభాగానికి తప్ప తక్కిన తోటకు ప్రవేశ రుసుము లేదు. నాయనమ్మ చెట్ల నీడన బల్లపై కూర్చుంటే, పిల్లలు చెరువు గట్టున హంసలను చూడవచ్చు. అయితే ఈ తోట కేవలం విహారస్థలం కాదు. 19వ శతాబ్దం చివర దీని అధిపతిగా ఉన్న హెన్రీ రిడ్లీ, రబ్బరు చెట్టు చావకుండా దాని బెరడుపై గాట్లు పెట్టి పాలు తీసే పద్ధతిని ఇక్కడే రూపొందించాడు. మలయా దేశమంతటా రబ్బరు తోటలు విస్తరించడానికి అది దారితీసింది. 2015లో యునెస్కో ఈ తోటను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

తోట నుండి బయటకు రాగానే భూగర్భ రైలుస్టేషను ఉంది. అక్కడికి మూడవ స్టేషనే 'లిటిల్ ఇండియా'. ఇంత జనసమ్మర్దం గల నగరంలో రోడ్లపై వాహనాలు స్తంభించిపోకుండా ఎలా సాగుతున్నాయని పెద్దపిల్ల ప్రశ్నించవచ్చు. అది ప్రశ్నించదగినదే. ఇక్కడ డబ్బు ఉన్నంత మాత్రాన కారు కొనడం కుదరదు. 1990 నుండి అమలులో ఉన్న విధానం ప్రకారం, కారు కొనగోరేవారు ముందుగా వేలంలో పాల్గొని పదేళ్ల అనుమతిపత్రం పొందాలి. కొన్ని సందర్భాలలో దాని వెల కారు వెలను కూడా మించిపోతుంది. రద్దీ రోడ్లపై ప్రయాణించే వాహనాల నుండి 1998 నుండి ఎలక్ట్రానిక్ పద్ధతిలో రుసుము వసూలు చేస్తున్నారు. మరోవైపు 1987లో ప్రారంభమైన మెట్రో రైలును నగరం నలుమూలలకూ విస్తరింపజేశారు. ఒకదానిని కష్టతరం చేసినప్పుడు మరొకదానిని సులభతరం చేయాలన్న సూత్రం ఇందులో ఉంది. రైలులో తినడం, తాగడం నిషిద్ధం.

సెరంగూన్ రోడ్డులో అడుగుపెట్టగానే నాయనమ్మకు ప్రాణం లేచివస్తుంది. మల్లెపూల దండలు, కొబ్బరికాయలు, నగల దుకాణాలు, వేడి దోసెలు కనువిందు చేస్తాయి. 1855లో ఏర్పడిన శ్రీనివాస పెరుమాళ్ ఆలయం ఈ వీధిలోనే ఉంది. మధ్యాహ్నం తలుపులు మూస్తారు కనుక ఆలోగానే దర్శనం చేసుకోవాలి. ఆదివారం వచ్చినవారికి ఈ వీధిలో మరొక దృశ్యం కనిపిస్తుంది. నగరంలో భవనాలు కట్టే వేలాది కార్మికులు వారపు సెలవునాడు ఇక్కడికి చేరతారు. వారిలో తమిళులు, బంగ్లాదేశీయులు ఎక్కువ; మన తెలుగు జిల్లాల నుండి వెళ్లినవారూ ఉన్నారు. ఇంటికి డబ్బు పంపడం, ఊరి కబుర్లు చెప్పుకోవడం, స్వదేశపు భోజనం చేయడం ఆనాటి పనులు. సాయంకాలం మనం తలయెత్తి చూసే ఆకాశహర్మ్యాల వెనుక ఉన్న శ్రమ ఎవరిదో తెలియాలంటే ఈ వీధిని తప్పక చూడాలి.

భోజనానికి హాకర్ సెంటర్లు ఉన్నాయి. పూర్వం వీధి పక్కన తోపుడుబండ్లపై ఆహారం అమ్ముకునేవారికి 1970 దశకంలో ప్రభుత్వం నీటి కుళాయిలు, మురుగు పారుదల గల ప్రాంగణాలు కట్టించి, వారిని అక్కడికి తరలించింది. ఒకే కప్పు కింద మలయ్, చైనీస్, భారతీయ వంటకాలు తక్కువ ధరకు లభిస్తాయి. శాకాహారులు అడిగి తెలుసుకొని తినడం మంచిది. ఈ భోజన సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు లభించింది. తిన్నవారే తమ పళ్లెం తీసి నిర్ణీత స్థలంలో పెట్టాలన్న నియమం 2021 నుండి అమలవుతున్నది. తండ్రితో పాటు పిల్లలు కూడా ఆ పని చేయడం పుస్తకంలో లేని పాఠం.

మధ్యాహ్నం ఎండవేళ సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్ చల్లని విశ్రాంతి స్థలం. తెల్లగా మెరిసే ఈ చర్చిని 1856 - 1861 మధ్య భారతదేశం నుండి ద్వీపాంతర శిక్షపై తెచ్చిన ఖైదీల చేత కట్టించారు. గోడల పూతకు వాడినది మద్రాసు సున్నం. గవ్వల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, ముతక చక్కెర, కొబ్బరి పీచు నానబెట్టిన నీరు కలిపి ఆ పూతను తయారుచేశారు. ఆరిన తరువాత రాతితో రుద్దితే అది పాలరాతి వలె మెరిసేది. తెలుగు ప్రాంతాలు కూడా ఆనాడు మద్రాసు రాజధానిలోనివే. ఈ గోడలు కట్టినవారి పేర్లు మాత్రం వాటిపై లేవు.

అక్కడి నుండి కొద్ది దూరంలోనే సింగపూర్ నది. నేడు పడవ షికారు చేస్తున్న ఈ నది, 1970 దశకంలో దుర్గంధపూరితమైన మురికికాలువ. 1977లో ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్లలో దీనిని శుభ్రపరచాలని లక్ష్యం నిర్దేశించాడు. పందుల, బాతుల పెంపకశాలలను ఎత్తివేశారు; మరుగుదొడ్లు లేని గుడిసెలవాసులకు వేరేచోట ఇళ్లు ఇచ్చారు; సరుకు పడవలను మరొక రేవుకు తరలించారు. 1987 నాటికి నది తేటపడింది. ఈ విజయానికి ఒక మూల్యం కూడా ఉంది. తరతరాలుగా నదిని నమ్ముకొన్న పడవవారికి, చిన్న వర్తకులకు పాత బతుకులు మారిపోయాయి. మన మూసీనది ప్రక్షాళనను గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు పార్శ్వాలనూ గుర్తుంచుకోవాలి.

సాయంకాలం నదీముఖం వద్ద మెర్లయన్ విగ్రహాన్ని దర్శించవచ్చు. సింహపు తల, చేప శరీరం గల ఈ 8.6 మీటర్ల శిల్పాన్ని 1972లో ప్రతిష్ఠించారు. కొత్త వంతెన అడ్డు రావడంతో 2002లో ఇప్పటి చోటికి మార్చారు. దాని నోటి నుండి నీరు పడే ఆ జలాశయం ఒకనాడు సముద్రపు పాయ. 2008లో అడ్డుకట్ట నిర్మించి, క్రమంగా దానిని మంచినీటి జలాశయంగా మార్చారు. పొరుగుదేశం మలేషియా నుండి నీరు కొనుక్కోవలసిన దేశం, వాడిన నీటిని సైతం శుద్ధిచేసి 2003 నుండి తిరిగి వినియోగిస్తున్నది. ఎదుట ఉన్న 'గార్డెన్స్ బై ద బే' సముద్రాన్ని పూడ్చి సంపాదించిన నేలపై 2012లో వెలసింది. అందులోని కృత్రిమ మహావృక్షాలు 25 నుండి 50 మీటర్ల ఎత్తు ఉంటాయి. చీకటి పడగానే వాటి దీపాలంకరణను అందరూ ఉచితంగా చూడవచ్చు.

ఒక దినంలో పది స్థలాలు చుట్టివచ్చిన కుటుంబానికి పది ఫొటోలు మిగులుతాయి. అయిదు స్థలాలు నిదానంగా చూసినవారికి అయిదు కారణాలు తెలుస్తాయి. యాత్రలో అందరికన్నా మెల్లగా నడిచేవారి నడకే అందరి నడక కావాలి. నాయనమ్మ కూర్చున్న ప్రతిచోటా పిల్లలకు పరిసరాలను పరిశీలించే అవకాశం కలుగుతుంది. నీరు ఎక్కడి నుండి వస్తున్నది, చెత్త ఎక్కడికి పోతున్నది, గోడలు ఎవరు కట్టారు అని అడగడం నేర్చినవారికి ఏ నగరమైనా పాఠశాలయే. ఆ ప్రశ్నలనే తమ ఊరికి తిరిగి వచ్చిన తరువాత కూడా అడగగలిగితే యాత్రకు పెట్టిన ఖర్చు సార్థకమవుతుంది.