ఎండగొడుగు
వేసవియందు బందరు చేరువనున్న మంగినపూడి సముద్రతీరమునకు విహారమునకు బోవుచు మన విద్యార్థులు గొడుగు రంగును, పిడిని మాత్రమే చూచి కొనుచుందురు. మేమును పూర్వమట్లే చేసితిమి. గుడ్డను వెలుతురునకెత్తి చూడవలెను. చుక్కలు చుక్కలుగా వెలుగు కానవచ్చినచో విడువవలెను. చిక్కని నేతగల ముదురురంగు గుడ్డ అతినీలలోహిత కిరణములను మిక్కిలిగా నాపును. చీటిపై యు.పి.ఎఫ్. 50 అని యున్నచో, ఆ కిరణములలో ఏబదవ వంతు మాత్రమే గుడ్డను దాటునని యర్థము. అయితే సముద్రపుటొడ్డున పొడియిసుక వానిలో నూటికి సుమారు 15 వంతులను పైకి మరల్చును గనుక, గొడుగున్నను మొగము కమలుచుండును.

గొడుగు కిరణముల నాపునే గాని ఉక్కను తీర్పజాలదు. ఒక యేట మాతో వచ్చిన బాలుడు మంచి గొడుగు క్రిందనే తల తిరిగి కూలబడెను. చెట్లనీడకు జేర్చి, ఒడలు తడిపి విసరితిమి. తెలివి కుదిరిన పిదప నీళ్లిచ్చితిమి. అప్పటినుండి ఉదయము 10 గంటలలోపలనే తీరము విడుచుచున్నాము.