గుడివాడ తాతమ్మ వంట లోకమంతా చూసింది

తెనాలి: గుడివాడ అనగానే ఎవరికైనా కృష్ణా జిల్లా గుడివాడే గుర్తుకొస్తుంది. గుంటూరు జిల్లాలో తెనాలి దగ్గర కూడా ఒక గుడివాడ ఉంది. చిన్న పల్లె. ఆ పల్లె పేరు దేశదేశాల్లో వినపడిందంటే అందుకు కారణం ఏ నాయకుడూ కాదు, ఏ సినిమా తారా కాదు. నూరేళ్లు దాటిన కర్రె మస్తానమ్మ అనే ముసలమ్మ. ఆమె చేసిందల్లా కట్టెల పొయ్యి మీద తనకు తెలిసిన తీరులో కూర వండి, పదిమందికి వడ్డించడమే.

2018 డిసెంబరు మొదట్లో మస్తానమ్మ కన్నుమూసింది. అప్పటికి ఆమె వయసు 107 ఏళ్లని ఇంటివారి లెక్క. ఆ వార్త తెలుగు పత్రికల్లోనే కాదు, లండన్ బి.బి.సి.లోనూ వచ్చింది. కూలి చేసుకుని బతికిన పల్లెటూరి ఆడమనిషి మరణం అంత దూరం వార్త కావడం తరచుగా జరిగేది కాదు.

కాగితం లేని పుట్టుక

మస్తానమ్మ ఏ తేదీన పుట్టిందో చెప్పే కాగితం ఏదీ లేదు. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం 1969లో గానీ రాలేదు. అప్పటికే ఆమె ముసలితనంలో పడింది. ఇంటివారి లెక్క ప్రకారం 1911 ప్రాంతాల్లో పుట్టి ఉండాలి. అప్పుడు గుంటూరు జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 నాటికి ఆమెకు నలభై దాటాయి. 2014లో రాష్ట్రం రెండుగా విడిపోయేనాటికి నూరు దాటాయి. ఇన్ని మార్పులు జరిగినా ఆమె పొయ్యి మాత్రం మారలేదు.

మస్తాన్ అన్న పేరు గుంటూరు ప్రాంతంలో మతంతో పనిలేకుండా వినపడుతుంది. గుంటూరులోని కాలే మస్తాన్ షా వలీ దర్గాకు అన్ని మతాలవారూ వెళ్తారు. మస్తాన్‌రావులు, మస్తానమ్మలు, మస్తాన్ వలీలు ఒకే వీధిలో కనిపించే జిల్లా ఇది.

ఇరవై రెండేళ్లకే ఒంటరి

పదకొండో ఏట ఆమెకు పెళ్లయింది. ఆడపిల్ల పెళ్లికి 14 ఏళ్లు నిండాలన్న శారదా చట్టం 1929లో వచ్చింది. మస్తానమ్మ కాపురం మొదలై అప్పటికి ఎన్నో ఏళ్లు. ఇరవై రెండో ఏట భర్త పోయాడు. ఐదుగురు పిల్లలు పుడితే చివరికి ఒక్క కొడుకే మిగిలాడు.

ఆస్తి లేదు, చదువు లేదు. ఉన్నవి రెండు చేతులు. ఆ చేతులతోనే పొలాల్లో కూలికి దిగింది. కృష్ణా కాలువల కింద వరి పండే ఈ నేలలో ఆడకూలీ పని అంటే ఏమిటో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. మోకాటిలోతు బురదలో వంగి నాట్లు వేయాలి. కలుపు తీయాలి. కోతలు కోయాలి. అంతా అయి ఇంటికొస్తే పొయ్యి రాజేయాలి. ఆమె చేతికి వంట అబ్బింది ఈ దారిలోనే. ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. ఉన్నదానితో నలుగురి కడుపు నింపాల్సిన అవసరమే నేర్పింది.

ఇలాంటి తల్లులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారి పొలం పనికి కూలి ముట్టింది గానీ వంటింటి పనికి లెక్క లేదు. మస్తానమ్మ విషయంలోనూ నూరేళ్లపాటు జరిగింది అదే.

మునిమనవడి ఆలోచన

ఆ ఇంటి నాలుగో తరం కుర్రాడు లక్ష్మణ్. 2016లో అతనూ, మిత్రుడు శ్రీనాథ్ రెడ్డీ కలిసి యూట్యూబ్‌లో 'కంట్రీ ఫుడ్స్' పేరుతో ఒక చానల్ పెట్టారు. తాతమ్మ వండుతుంటే వీడియో తీసి అందులో వేశారు. స్టూడియో లేదు, లైట్లు లేవు. చెట్టు నీడే వంటిల్లు. నేల మీద కూర్చుని నూలుచీర కొంగు సర్దుకుంటూ తాతమ్మ పని మొదలుపెట్టేది.

అల్లం పొట్టు గోటితోనే తీసేది. మసాలా రాతి మీద నూరేది. గిన్నె కొలతలు, చెంచా కొలతలు ఆమెకు లేవు. చిటికెడు, పిడికెడు, చారెడు, అంతే. ఉప్పు సరిపోయిందో లేదో చెయ్యి చెప్పాలి, మంట ఎంత ఉండాలో కన్ను చెప్పాలి. చేపలు, రొయ్యలు, పీతలు, నాటుకోడి, కూరగాయలు అన్నీ వండింది. ఈము పక్షి గుడ్డు తెచ్చిచ్చినా బెదరలేదు. దాన్నీ తన పద్ధతిలోనే వండేసింది.

అన్నిటికంటే పేరు తెచ్చింది పుచ్చకాయలో కోడికూర. పుచ్చకాయ పైభాగం మూతలాగా కోసి, లోపలి గుజ్జు తీసి, మసాలా పట్టించిన కోడి ముక్కలు అందులో కూరి, మళ్లీ మూతపెట్టి నిప్పు మీద ఉడికించడం. కాయే కుండ అన్నమాట. కాయలోని నీరే ముక్కను మాడకుండా కాపాడుతుంది. తెలుగు ఒక్క ముక్క రానివారు కూడా ఆ చేతులను చూసి వంట అర్థం చేసుకున్నారు. చానల్‌కు 10 లక్షల మందికి పైగా చందాదారులయ్యారు. పాకిస్తాన్ నుంచి ఒక అభిమాని ఆమెకు చీర కూడా పంపారు.

ఎవరికీ భారం కాకుండా

ఇంత పేరు వచ్చాక కూడా మస్తానమ్మ ఉన్నది తన గుడిసెలోనే. ఒంటరిగానే ఉండేది. తన పనులు తానే చేసుకునేది. వయసు మీరిన అమ్మను ఎవరు చూడాలని కొడుకులు వంతులు వేసుకునే ఈ రోజుల్లో, నూరు దాటిన మనిషి తన అన్నం తాను వండుకుని పదిమందికి పెట్టడం మామూలు విషయం కాదు. అయితే ఆమె ఓపిక చూసి మిగతా ముసలివాళ్లను వాళ్ల మానాన వదిలేయవచ్చని అనుకుంటే పొరపాటు. నూరేళ్లు కష్టపడిన ఒళ్లు చివరి నెలల్లో ఆమెకూ సహకరించలేదు. ఆ సమయంలో ఎవరికైనా మనిషి తోడు కావాలి.

ఆమె అంతిమయాత్రను కూడా చానల్‌లో చూపించారు. ఆమెను నేరుగా ఒక్కసారైనా చూడనివారు ఎందరో కంటతడి పెట్టారు. తమ ఇంటి నాయనమ్మ, అమ్మమ్మ వారికి గుర్తు రావడమే కారణం.

మస్తానమ్మకు దక్కిన అదృష్టం ఒక్కటే. ఇంట్లోని కుర్రవాడు ఒకడు పక్కన కూర్చుని ఆమె పని చూశాడు, దాచాడు. ఆ పని రెండేళ్లు ఆలస్యమై ఉంటే నూరేళ్ల అనుభవం ఆమెతోనే పోయేది. ఇప్పుడు సెల్‌ఫోన్ లేని ఇల్లు దాదాపు లేదు. అమ్మమ్మ చేతి గోంగూర పచ్చడి, నాయనమ్మ పెట్టే చేపల పులుసు ఎలా చేస్తారో అడిగి తెలుసుకోవడానికి ఒక్క పూట చాలు. వాళ్లు ఉండగా అడగాలి.