పుంజు జుట్టు, పిల్లవాని గొంతు

రేడియో మీట త్రిప్పినంతనే వినవచ్చు కంఠము పురుషునిదో స్త్రీదో, పేరు చెప్పకమునుపే శ్రోతలు గుర్తింతురు. కాని పదేండ్ల బాలబాలికల కంఠములను వేరుపరచుట మావంటి ప్రసారకులకును ఒక్కొక్కప్పుడు కష్టమే. సంతానోత్పత్తికి వలసిన అవయవములు పుట్టుకతోనే ఉండును. ఈడు వచ్చిన పిమ్మట తోచు గొంతు మార్పు, మీసము, స్తనముల పెరుగుదల మున్నగువానిని ద్వితీయ లైంగిక లక్షణములందురు. సింహపు జూలు, నెమలి పింఛము, చుక్కల దుప్పి కొమ్ములు ఈ కోవలోనివే.

ఇవి ఎట్లు కలుగుచున్నవి? 1849లో జర్మనీలోని గోటింగెన్ నగరమున బెర్టోల్డ్ అను శాస్త్రజ్ఞుడు ఆరు పడుచు పుంజులపై ప్రయోగము చేసెను. రెండింటికి వృషణములను పూర్తిగా తొలగించెను. వాని తలపై జుట్టు ఎదుగలేదు. అవి పుంజులవలె కూయలేదు, పోరాడలేదు. తక్కిన నాల్గింటిలో వృషణమును స్వస్థానమునుండి వేరుచేసి, కొన్నిట తనదానినే, కొన్నిట వేరొక పుంజుదానిని కడుపులో విడిచెను. అవి మామూలు పుంజులుగానే ఎదిగినవి. నరముల సంబంధము తెగినను ఫలము తప్పలేదు గనుక, ఏదో పదార్థము రక్తముద్వారా పయనించుచున్నదని తేలెను. ఆ పదార్థమే 1935లో ఆంస్టర్‌డాం నగరమున ఎద్దు వృషణములనుండి శుద్ధరూపమున వేరుచేయబడిన టెస్టోస్టిరోన్ అను హార్మోను.

అయితే ఈకల సంగతి వేరు. వృషణములు తొలగించినను పుంజు తన సొగసైన ఈకలను కోల్పోదు. అండాశయము తొలగించిన పెట్టకో, పుంజు ఈకలే మొలచును! పెట్ట ఈకల సాదాతనము అండాశయమునుండి వచ్చు ఈస్ట్రోజెన్ చేయు పని. పెట్టకు సాధారణముగా ఎడమ అండాశయమొక్కటే పనిచేయును. అది వ్యాధిచే చెడినప్పుడు పెట్ట పుంజు వేషము ధరించి కూయుటయు కలదు. దానిని అపశకునమని భయపడనక్కరలేదు, అది రోగలక్షణము.

దీనినిబట్టి గ్రహింపదగినదేమనగా, ఉభయ లక్షణములకు వలసిన శక్తి ప్రతి శరీరమునందును కొంత దాగియున్నది. మానవులలోను స్త్రీపురుషులిరువురికి ఈ రెండు హార్మోనులును కలవు, పాళ్ళలోనే భేదము. బాలునిలో టెస్టోస్టిరోన్ హెచ్చినప్పుడు స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై మందమగును. వీణపై లావుపాటి తీగ మంద్రమున పలుకునట్లు కంఠము దిగును. ఎదుగుచున్న తంత్రులపై పట్టు కుదురువరకు గొంతు జీరవోవుచు, ఉన్నట్టుండి కీచుమనుచుండును. ఆ ఈడున పలువురు బాలురకు రొమ్ము కొంత ఉబ్బి, సాధారణముగా ఒకటి రెండేండ్లలో తగ్గిపోవును. కొందరు స్త్రీలకు పెదవిపై నూగు వచ్చుట పలుమారు వంశలక్షణమే.

ఇట్టివి మన ఇండ్లలో పరిహాసమునకు గురియగుటచే ఎందరో పిల్లలు నోరు విప్పుటకే సిగ్గుపడుచున్నారు. అట్టి హాస్యము మానుడని మా మనవి. ఒకే ఈడు పిల్లలు ఒకేసారి ఎదుగరు. బాలికకు 13, బాలునికి 14 ఏండ్లు నిండినను ఎదుగుదల గుర్తులేవియు కానరాకున్నను, బాలికకు 8, బాలునికి 9 ఏండ్లు నిండకమునుపే కనిపించినను వైద్యునికి చూపుట మంచిది. స్త్రీకి హఠాత్తుగా మీసము మొలచి, గొంతు దిగినప్పుడును అంతే. తక్కినవారి విషయమున పెద్దలు చేయవలసినది ఓర్పుతో వేచియుండుటయే.