ఎడారి ఎండలో గులాబీలు

ఫీనిక్స్‌కు వచ్చిన కొత్తలో మనవాళ్ళు చాలామంది ఇంటిముందు గులాబీ మొక్కలు పెడతారు. ఆగస్టుకల్లా అవి ఎండుపుల్లలవుతాయి. "ఈ ఎడారిలో గులాబీలేమిటండీ!" అని వదిలేస్తారు. నిజానికి గులాబీకి ఈ ఊరు చెడ్డదేమీ కాదు. గాలిలో తేమ తక్కువ కనుక ఆకులకు నల్లమచ్చ తెగులు ఇక్కడ అరుదు. చిక్కల్లా మనం వెంట తెచ్చుకున్న అలవాట్లతోనే.

మన ఊళ్ళో తొలకరి పడగానే మొక్క నాటుతాం. ఇక్కడ జూన్‌లో నాటితే వేరు పట్టకముందే మాడిపోతుంది. 2023లో వరుసగా 31 రోజులు ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గలేదు మరి! అందుకని సంక్రాంతిని గుర్తుపెట్టుకోండి. జనవరిలో నర్సరీల్లో మట్టి, ఆకులు లేని మొక్కలు అమ్ముతారు. చూడటానికి కట్టెపుల్లల్లా ఉన్నా, ఎండలు ముదిరేలోగా వేళ్ళూనుకుంటాయి. పాత మొక్కల కొమ్మలు కత్తిరించేదీ ఆ నెలలోనే. ఇంటికి తూర్పువైపు మంచిది. పడమటి గోడ పక్కన మాత్రం వద్దు, ఆ గోడ సాయంత్రం పెనంలా కాలుతుంది.

ఇక నీళ్ళు. రోజూ చెంబుడు నీళ్ళు పోస్తే వేళ్ళు పైపైనే ఉండిపోతాయి. పైగా ఇక్కడి నీళ్ళలో ఉప్పు ఎక్కువ. అది వేళ్ళ దగ్గర పేరుకుని ఆకుల అంచులు మాడుతాయి. పాదు వెడల్పుగా చేసి, అడుగున్నర లోతు తడిసేలా తెల్లవారుజామున పెట్టండి. పొడుగాటి ఇనుప చువ్వ గుచ్చి చూడండి, ఎంతవరకు సులువుగా దిగితే అంతవరకు తడిసినట్టు. పైమట్టి ఆరాకే మళ్ళీ పెట్టాలి. పాదులో మూడంగుళాల మందాన చెక్కపొట్టు పరిస్తే సగం పని తప్పుతుంది. మొదలుకు మాత్రం తగలనీయకండి.

వేసవిలో కత్తెర, ఎరువు రెండూ పక్కన పెట్టాలి. ఆ ఆకులే కొమ్మలకు గొడుగు. పూలు చిన్నవైతే కానివ్వండి. పిల్లలూ, మీకో పని: వారానికోసారి పొద్దున్నే గొట్టంతో ఆకుల అడుగున నీళ్ళు గట్టిగా కొట్టండి. ఎర్రనల్లి కొట్టుకుపోతుంది. మీరూ తడుస్తారనుకోండి!

రకాల్లో తెల్లపూల ఐస్‌బర్గ్ పెద్దగా చాకిరీ అడగదు. మన నాటు గులాబీ వాసన దానికి లేదు, ఒప్పుకోవాలి. తీగ కావాలంటే లేడీ బ్యాంక్స్ ఉంది, ముళ్ళు దాదాపు ఉండవు. మన అరిజోనాలోనే టూంబ్‌స్టోన్‌లో 1885లో నాటిన లేడీ బ్యాంక్స్ ఈనాటికీ పెద్ద పందిరంతా అల్లుకుని ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద గులాబీ మొక్కగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. కాకపోతే అది వసంతంలో ఒక్కసారే పూస్తుంది. పూజకు తరచూ పూలు కావాలనే అమ్మమ్మలకు ఐస్‌బర్గే నయం.