మొలవని విత్తులకు పరిహారము

ఒక గ్రామమున చిల్లర వర్తకుడొకడు వేరుసెనగ విత్తులమ్మెను. పది దినములైనను సాళ్లు బోసిగనే యుండెను. అతడు ముఖము చాటు చేయక కొన్నవారి చేలకు తానే పోయి, తప్పొప్పుకొని, సొమ్ము మరల నిచ్చెదననెను. రైతులు సమ్మతింపరైరి. సొమ్ము మొలకెత్తునా? అదను దాటకముందే మంచి విత్తులు కావలెననిరి. న్యాయమే. విత్తనము కొన్న రైతు వినియోగదారుడేయని 2012లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. కాని వ్యాజ్యము తేలునప్పటికి అదనెక్కడ? వర్తకుడు వేరొకచోటనుండి విత్తులు తెచ్చియిచ్చి, మరల దున్నిన కూలిలో సగము భరించెను. మిగిలిన బస్తాలలోని గింజలు 100 తడిగుడ్డలో మూటగట్టి చూడగా, 70 మొలవవలసినచోట 40 మాత్రమే మొలచెను. ఈ పరీక్ష అమ్మకమునకు ముందే చేసియుండిన నెంత బాగుండెడిది! మరుసటి యేట ఆ రైతులలో కొందరు అతని యంగడికే వచ్చిరి. రాగానే, తడిగుడ్డ చూపుమనిరి.