‘బై’ ఒక్కటే.. అర్థాలు అనేకం

ఆర్మూర్: ఇద్దరికి ఒక చాయ్ పంచితే ‘వన్ బై టూ’. సర్వే నంబరు పక్కన గీత గీసి వేసే ఉపవిభాగం ‘బై నంబరు’. ఊరిలోకి రాకుండా పక్క నుంచి సాగే రహదారి బైపాస్. ఆంగ్లం చదవనివారి నోట సైతం నిత్యం వినిపించే ఈ పదం పసుపు రైతుకు, గల్ఫ్ బాట పట్టే కార్మికునికి కాగితంపై కనిపించినపుడు మాత్రం చిక్కులు తెచ్చిపెడుతోంది.

తెలుగులో విభక్తి నామవాచకం వెనుక చేరుతుంది. ఆంగ్లంలో ఆ పని చేసే పదం ముందు నిలుస్తుంది. ‘బై’కి మొదటి అర్థం దగ్గర, పక్కన అనే. కాలక్రమంలో చేత, ద్వారా, లోగా, చొప్పున, మేర అనే అర్థాలూ వచ్చి చేరాయి. ఏ అర్థమో తేల్చేది దాని తర్వాతి మాటే.

క్వింటాలు పసుపు ధర రూ.12,000 ఉందనుకుందాం. అది ‘బై’ 1,000 పెరిగిందంటే వెయ్యి మేర పెరిగి రూ.13,000 అయిందని భావం. ‘టు’ 13,000 అని ఉన్నా చేరేది అక్కడికే. ఈ రెంటినీ తారుమారు చేసి ‘బై’ 13,000 అని చదివితే లెక్క రూ.25,000కు పోతుంది.

పంట రుణం ‘బై మార్చి 31’ చెల్లించాలంటే ఆ తేదీలోగా అని అర్థం. 31వ తేదీ కూడా గడువులోనిదే. అంతకుముందు ఎప్పుడైనా కట్టవచ్చు. వడ్డీ రాయితీ ‘టిల్ మార్చి 31’ అంటే అప్పటి వరకు కొనసాగుతుందని. ఒకటి గడువు, మరొకటి వ్యవధి.

గల్ఫ్ ఉద్యోగ ఒప్పంద పత్రంలో మరింత జాగ్రత్త అవసరం. విమాన టికెట్టు ఖర్చు చెల్లింపు ‘బై ద ఎంప్లాయర్’ అని ఉంటే భారం యజమానిది. ‘బై ద ఎంప్లాయీ’ అని ఉంటే కార్మికునిది. తేడా అంతా చివరి అక్షరంలోనే. హడావుడిగా సంతకం చేసేవారి కంటికి అది ఆనడం కష్టం. కూలి ‘బై ద డే’ అంటే రోజు చొప్పున. మధ్యలోని ‘ద’ తీసేసి ‘బై డే’ అంటే పగటి పూట.

బడిలో నేర్పే కర్మణి వాక్యంలో ‘బై’ అంటే ‘చేత’. వాడుక తెలుగులో ‘రైతు చేత పసుపు అమ్మబడెను’ అని ఎవరూ అనరు.

చాయ్‌లోనూ, సర్వే నంబరులోనూ ఉన్నది ‘డివైడెడ్ బై’కి కుదింపు, అంటే భాగహారం. అదే మేస్త్రీ గది కొలత ‘10 బై 12’ అన్నపుడు అది గుణకారం. వైశాల్యం 120 చదరపు అడుగులు.