ఆగిపోయిన ఫ్యాక్టరీలో అంత వేడి ఎక్కడిది? స్టైరీన్ కథ

మొన్న ఒక తమ్ముడు నన్నో ప్రశ్న అడిగాడు. "అన్నా, వైజాగ్‌లో గ్యాస్ లీకైనప్పుడు లాక్‌డౌన్ కదా. ఫ్యాక్టరీ నడవట్లేదు, మిషన్లన్నీ ఆపేసి ఉన్నాయి. మరి ఆ ట్యాంకు కింద మంట ఎవరు పెట్టారు?" భలే ప్రశ్న. ఈ ఎపిసోడ్ మొత్తం దానికి జవాబే.

మంట ఎవరూ పెట్టలేదు. స్టైరీన్ తన వేడిని తానే పుట్టించుకుంది.

అదెలాగో చెప్తా. స్టైరీన్ రంగు లేని ద్రవం. దాని అణువులు విడివిడిగా ఉన్న రైలు బోగీల లాంటివి. ఒకదానికొకటి తగులుకుంటూ పోతే పెద్ద రైలు అవుతుంది. ఆ రైలు పేరే పాలీస్టైరీన్. కొత్త టీవీ డబ్బాలో తెల్లగా వస్తుంది చూడండి థర్మోకోల్, అదే ఇది, కాకపోతే గాలి నింపి ఉబ్బించింది. ఇక్కడ కిటుకు ఏంటంటే, బోగీ తగులుకున్న ప్రతిసారీ కొంచెం వేడి బయటికి వస్తుంది. ఆ వేడికి పక్క బోగీలు ఇంకా తొందరగా తగులుకుంటాయి. దాంతో ఇంకా వేడి. తడి గడ్డితో వామి వేస్తే లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుందని ఊళ్లో పెద్దవాళ్లు చెప్తారు కదా. అక్కడ కారణం వేరే, సూక్ష్మజీవులు. కానీ వేడి బయటికి పోయే దారి లేక లోపలే పేరుకుపోవడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఈ గుణం కొత్తగా తెలిసిందేం కాదు. 1839లో బెర్లిన్‌లో ఎడ్వర్డ్ సైమన్ అనే మందుల తయారీదారు, స్టోరాక్స్ అనే చెట్టు బంక నుంచి ఒక నూనె తీశాడు. కొన్నాళ్లు పక్కన పెడితే అది జెల్లీలా గట్టిపడింది. గాలిలో ఆక్సిజన్ కలిసిందేమో అనుకుని స్టైరాల్ ఆక్సైడ్ అని పేరు పెట్టేశాడు. 1845లో బ్లైత్, హాఫ్‌మన్ అనే ఇద్దరు కెమిస్టులు పరీక్షించి చూస్తే అందులో ఆక్సిజనే లేదు! ముందున్న పదార్థమే, రూపం మారిందంతే. అవి పొడవాటి గొలుసులని హెర్మాన్ స్టాడింగర్ 1920లో రాస్తే చాలామంది తోటి శాస్త్రవేత్తలు నమ్మలేదు. ఆయనకి నోబెల్ వచ్చేసరికి 1953.

సరే, అసలు విషయానికొద్దాం. ప్లాస్టిక్ తయారు చేయడం ఒక ఎత్తు. స్టైరీన్‌ని ట్యాంకులో ద్రవంగానే ఉంచడం ఇంకో ఎత్తు. నన్నడిగితే ఈ రెండోదే కష్టం. దీనికి పరిశ్రమ కనిపెట్టిన ఉపాయాలు రెండు. ఒకటి, ఎప్పుడూ చల్లగా ఉంచడం. రెండోది టీబీసీ, అంటే టెర్షియరీ బ్యూటైల్ కాటెకాల్. గొలుసు మొదలుపెట్టబోయే అణువుని ఇది మధ్యలోనే పట్టుకుంటుంది. పది లక్షల పాళ్లలో 10-15 పాళ్లు ఉంటే చాలు. అంటే వెయ్యి టన్నుల స్టైరీన్‌కి 10-15 కిలోలు. ఒక చిన్న బియ్యం సంచి అంత! కానీ పట్టుకున్న కొద్దీ అదీ ఖర్చైపోతుంది. వేడి పెరిగితే ఇంకా తొందరగా అయిపోతుంది. పైగా అది పని చేయాలంటే ద్రవంలో కాస్త ఆక్సిజన్ కరిగి ఉండాలి.

ఇప్పుడు 2020 మే 7 తెల్లవారుజాముకి రండి. విశాఖలో ఆర్.ఆర్. వెంకటాపురం పక్కనే ఎల్జీ పాలిమర్స్, ఎం6 అనే ట్యాంకు. లాక్‌డౌన్‌తో అందులోని స్టైరీన్ వారాల తరబడి కదలకుండా ఉండిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చిందేంటంటే, చల్లబరిచే యంత్రం పగలు మాత్రమే నడిపారు, సాయంత్రం 5కి ఆపేసేవారు. టీబీసీ స్టాకు లేదు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఇంకోటి. ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ట్యాంకు అడుగున ఉంది. వేడి ద్రవం పైకి చేరుతుంది కదా! అడుగున మామూలుగానే చూపిస్తుంటే, పైన గొలుసులు అల్లుకుంటూనే ఉన్నాయి.

స్టైరీన్ 145 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ట్యాంకులో వేడి 150 దాటింది. ఆవిరి పైనున్న దారుల్లోంచి బయటికి తన్నుకొచ్చింది. అది గాలి కంటే మూడున్నర రెట్లు బరువు. అందుకే ఆకాశంలోకి పోకుండా నేల పట్టుకుని, నిద్రపోతున్న ఇళ్లలోకి పాకింది. సైరన్ మోగలేదు. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. మీ ఇల్లు ఇలాంటి ప్లాంటు దగ్గరుంటే ఇది గుర్తుపెట్టుకోండి: ఇలాంటి బరువైన ఆవిరి పల్లంలో, కాలవల్లో నిలుస్తుంది. ముక్కుకి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని, గాలి వీచే దారికి అడ్డంగా, మెరక వైపు వెళ్లాలి.

తర్వాత ట్యాంకుని అదుపులోకి తేవడానికి ఏం తెప్పించారో తెలుసా? పేపర్లలో పీటీబీసీ అని వచ్చింది. అది ఇందాక చెప్పిన టీబీసీనే. గుజరాత్ నుంచి విమానంలో వచ్చింది.